మాల తీసిన మర్నాడు

2017 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి వ్యసన విముక్తి విభాగానికి బదిలీ చేశారు. హోదా సైకియాట్రిక్ సోషల్ వర్కర్. ఆసుపత్రి నిచ్చెనలో ఈ మెట్టు ఎక్కడుంటుందో సర్వీసు ముగిసేదాకా నాకు స్పష్టంగా తెలియలేదు. డాక్టరు కంటే కింద, లిఫ్టు ఆపరేటరు కంటే పైన అని నా అంచనా. లిఫ్టు ఆపరేటరు అభిప్రాయం వేరు.

తెలుగులో మందు అన్న మాటకు రెండర్థాలు ఉండటం వల్ల మా విభాగం గురించి బంధువులకు చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. మందు మాన్పించడానికి మందు ఇచ్చే చోటు అది. ఇవ్వడం డాక్టర్ల పని. ఇంటికి పోయిన మనిషి మళ్లీ మొదలుపెట్టకుండా చూడటం మా పని. రోగితోనూ ఇంటివాళ్లతోనూ మాట్లాడి కేస్ హిస్టరీ రాస్తాం. డిశ్చార్జి అయ్యాక ఎక్కడుంటాడో, ఎవరితో ఉంటాడో, ఏం చేస్తాడో తేలుస్తాం. ఆ తర్వాతిదాన్ని ఫాలో అప్ అంటారు. అంటే ఫోన్ ఎత్తని వాళ్లకు ఫోన్ చెయ్యడం.

చేరిన కొత్తలోనే హెడ్ నర్సు నన్ను హెచ్చరించింది, మాల సీజన్ మొదలవుతోంది, మంచాలు దొరకవు అని. కార్తీకంలో అయ్యప్ప మాల సంగతి అందరికీ తెలుసు. మా జిల్లా దక్షిణాన నగరి, పుత్తూరు వైపు అది చాలదు. తమిళుల ఆడి నెలలో, జులై ఆగస్టుల్లో వచ్చే ఆడికృత్తికకు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి, అంటే మురుగన్‌కు కావడి మొయ్యాలని కొన్ని వారాల ముందు నుంచే మాల వేసుకుంటారు. మాల పడితే పసుపు పంచె, చన్నీళ్ల స్నానం, నేల పడక. చుక్క ముట్టకూడదు. మా వాళ్లు నియమం దగ్గర చాలా నిక్కచ్చి. ముందురోజు దాకా పొద్దున లేవగానే తాగే మనిషి, మాల పడిన క్షణం నుంచి చుక్క ముట్టడు.

చిక్కంతా ఆ నిక్కచ్చితనంలోనే ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరం ఒక్కసారిగా మానితే తిరగబడుతుంది. రెండో రోజుకో మూడో రోజుకో చేతులు వణుకుతాయి, ఒళ్లు కాలిపోతుంది. లేని పురుగులు కనిపిస్తాయి, లేని మాటలు వినిపిస్తాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వార్డులో డీటీ అంటాం. చూడకుండా వదిలేస్తే ప్రాణం పోతుంది. మెడలో మాలతో వణుకుతూ, కళ్లు పెద్దవి చేసి ఎవరితోనో మాట్లాడుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలని మా ప్రాంతంలో ఎవరికీ వెంటనే తోచదు. స్వామి వచ్చాడనుకుంటారు. హారతి ఇస్తారు.

దామోదరం అలాగే వచ్చాడు. నగరిలో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసే నేతగాడు, నలభై దాటిన మనిషి. ఆటోలో ఆయనతోపాటు భార్య కస్తూరి, ఒక మేనత్త, కర్పూరం వెలుగుతున్న పళ్లెం వచ్చాయి. స్ట్రెచర్ పక్కన నడుస్తూ మేనత్త అడుగుతూనే ఉంది, "ఏ సామివి నాయనా? వచ్చింది ఎవురో సెప్పు, ఏం కావాల్నో సెప్పు." స్వామి సమాధానం ఇచ్చాడు. పడుగు నిండా చీమలు పట్టినాయి, మగ్గం ఆపండి అన్నాడు. దానికి అర్థమేమిటని మేనత్త డ్యూటీ డాక్టరమ్మను అడిగింది. సెలైన్ పెట్టాలి, పళ్లెం బయట పెట్టమని ఆవిడ అర్థం చెప్పింది.

సెలైన్‌కు, మానిటర్ తీగలకు మాల అడ్డమని నర్సు తియ్యబోతే కస్తూరి ఆమె చెయ్యి పట్టుకుంది. తీస్తే మనిషి పోతాడని ఆమె మాట. మాల మెడలోనే ఉండనివ్వండి, తీగలు పక్కనుంచి తిప్పండి అని డాక్టరమ్మ తేల్చింది. ఆ మాటను అప్పుడు మేమంతా భక్తి అనుకున్నాం. వారం తర్వాత, దామోదరం తన పేరు తాను చెప్పగలిగే స్థితికి వచ్చి నేను కేస్ హిస్టరీకి కూర్చున్నప్పుడు తెలిసింది, ఆమె చెప్పింది అనుభవం అని.

ఆయనకు ఏడాదికి రెండు మాలలు. ఆడి మాసంలో మురుగన్ మాల, కార్తీకంలో అయ్యప్ప మాల. మాల ఉన్నన్నాళ్లు తాగడు, ఇంట్లో పెద్ద గొంతుతో మాట్లాడడు. ఇరుగుపొరుగు తగాదాలు కూడా తీరుస్తాడట. మాల తీసిన రోజే మొదలుపెడతాడు, తర్వాతి మాల దాకా ఆపడు. ఏళ్లుగా ఇదే క్రమం. మా శాఖ పంచాంగం చూసి వైద్యం చెయ్యదు గానీ, ఈ మనిషి విషయంలో చేస్తే తప్పు లేదనిపించింది.

ఈసారి తేడా ఒకటుంది. కాలేయం పరీక్షలు చూసిన డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పింది. ఇంకొక్కసారి మొదలుపెడితే వార్డు దాకా రావడం ఉండకపోవచ్చు. ఆడికృత్తిక ఇంకా ముందుంది. అంటే ఆయన ప్రాణం మాల తీసే రోజు మీద ఆధారపడి ఉంది. ఆ రోజు ఎప్పుడో మా అందరికీ ముందే తెలుసు. వైద్యంలో ఇది అరుదైన సౌకర్యం.

కస్తూరికి ఒక ఉపాయం తట్టింది. మాల తియ్యకపోతే సరి కదా. నగరిలో వాళ్లకు మాల వేసే ఆరుముగం గురుస్వామి దగ్గరికి పోయి, మా ఆయనకు మాల ఎప్పటికీ ఉంచెయ్యమని వేడుకుంది. ఆరుముగం కొన్ని దశాబ్దాలు కావడి మోసిన వృద్ధుడు, నియమాలు తెలిసినవాడు. ఆయన ఒప్పుకోలేదు. "మాల మొక్కు తల్లీ, తాళం కప్ప గాదు. బిగించి పెట్టుకునేదానికి కుదర్దు" అన్నాడట. కస్తూరి ఈ మాట నాకు ఫిర్యాదుగా చెప్పింది. నాకు మాత్రం మా పాఠ్యపుస్తకాల్లో కొన్ని అధ్యాయాల కంటే అది నయమనిపించింది, కానీ ఆమెతో అనలేదు.

మాల తీస్తే ఏమవుతుందని దామోదరాన్నే అడిగాను. దాహమా, ఒళ్లు నొప్పులా, దిగులా అని మా ప్రశ్నావళి ప్రకారం వరసగా అడిగాను. ఆయన అవేవీ కాదన్నాడు.

"పిలుపు సార్. మాల ఉన్నెన్ని దినాలు అందురూ సామీ అంటారు. మాయమ్మ గూడా సామీ, టిఫిన్ తిందురు రాండి అంటాది. మాల తీసినానా, ఆ సాయంత్రమే ఒరే దామూ అంటారు. సామిని తాగను రమ్మనేదానికి నోరు రాదు ఎవురికీ. ఒరే అన్నోనితోనే కదా తాగేది."

నేను దీన్ని హిస్టరీలో రాసుకున్నాను. రాసేటప్పుడు కొంచెం నవ్వొచ్చింది కూడా. సంబోధనా ప్రథమా విభక్తి కారణంగా కాలేయం చెడినట్టు అంతకు ముందు ఏ కేసులోనూ చూడలేదు.

ఇక్కడ పుత్తూరు ఇల్లు గురించి చెప్పాలి. వార్డు నుంచి నేరుగా ఇంటికి పోతే అదే వీధి, అదే స్నేహితులు, అదే కొట్టు. అందుకని నడుమ కొన్ని నెలలు, మానేసిన వాళ్లే కలిసి ఉండే ఇల్లొకటి ఉండాలన్నది ఈ రంగంలో ఒక పద్ధతి. ఒక చిన్న ధర్మసంస్థ పుత్తూరులో మిద్దె ఒకటి అద్దెకు తీసుకుని దాన్ని నడిపేది. మా ఆసుపత్రి తరఫున పర్యవేక్షణ నాది. వంట వంతులవారీగా చేసుకోవాలి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాలి. పొద్దున పనికి పోవాలి. సాయంత్రం అందరూ కూర్చుని ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవాలి. దేవుడు లేనివాళ్లు కూరగాయలు తరగాలి. సంస్థ దానికి పెట్టిన పేరు పొడుగ్గా, సంస్కృతంలో ఉండేది. వీధిలో వాళ్లు తాగనోళ్ల మిద్దె అనేవారు. మొదట్లో అదీ లేదు. పుత్తూరు ఎముకలు కట్టడానికి పేరుమోసిన ఊరు కాబట్టి, కొత్తగా వచ్చి మెల్లగా నడిచే మనిషిని ఎవరైనా ఎక్కడ విరిగిందని అడిగేవారు. మా వాళ్లు కాలో చెయ్యో చూపించి ఊరుకునేవారు. అబద్ధమే అయినా మర్యాదైన అబద్ధం.

ఆ ఇంటికి పెద్ద ఏసుపాదం, నాయుడుపేట మనిషి. ఒకప్పుడు లారీ డ్రైవరు. తడ దాటిన చోట రాష్ట్రం మారుతుంది. తాగే డ్రైవర్లకు అది రెండు ప్రభుత్వాల సరుకు పోల్చి చూసుకునే చోటు, ఏసుపాదం ఆ పరిశోధనలో చాలా ఏళ్లు గడిపాడు. ప్రభువు మాన్పించాడంటాడు. ప్రభువుతోపాటు ఆయన భార్య కూడా కొంత కృషి చేసిందని విన్నాను. మానిన తర్వాత మళ్లీ ముట్టలేదు. ఇంట్లో అందరినీ బ్రదర్ అని పిలిచేవాడు.

దామోదరం మాల ఉన్నన్నాళ్లు ఇంట్లో ఉన్నా పరవాలేదని, తియ్యగానే ఈ ఇంటికే రావాలని, నగరికి పోకూడదని నిర్ణయించాం. దానితోపాటు నాకొక ఆలోచన వచ్చింది. మాల తీశాక కూడా ఇంట్లో ఆయన్ని సామి అనే పిలిస్తే? ఖర్చులేని చికిత్స. దుష్ఫలితాలు లేవు. ఏసుపాదంతో చెప్పాను. ఆయన మర్యాదగా కాదన్నాడు.

"నాకు ఒకడే సామి సార్. ఆయన పైనుండాడు. ఈన్ని బ్రదర్ అంటాను, అన్నా అంటాను, కావాలంటే అయ్యా అంటాను. సామి అనేదానికి నా నోరు తిరగదు."

నేను బలవంతం చెయ్యలేదు. ఎవరి విశ్వాసంతో వాళ్లు బతికే ఇంట్లో, ఇంకొకరి విశ్వాసాన్ని వంచమనడం పర్యవేక్షణ కిందికి రాదు. అయితే ఏసుపాదం తనంతట తానే ఒక మాట అన్నాడు. తిరుత్తణికి తాను తోడు పోతానని, దేవుడు వేరైనా బస్సు ఒకటే కదా అని.

ఆడికృత్తిక రోజు ఆయన నిజంగానే పోయాడు. హరోహర అంటూ కొండెక్కే కావళ్ల నడుమ, మెడలో సిలువతో, దామోదరం చెప్పులూ సంచీ పట్టుకుని నిలబడ్డాడట. కావడి దించాక ఆరుముగం గురుస్వామి మాల తీసి, విబూది పెట్టి, దామోదరం చెయ్యి తీసుకుని ఏసుపాదం చేతిలో పెట్టాడట.

నేను తిరుత్తణి పోలేదు. అది తమిళనాడు, నా విధుల పరిధి సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పుత్తూరు మిద్దె వసారాలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి రావాలి. తిరుత్తణి నుంచి పుత్తూరు బస్సు నగరి మీదుగానే వస్తుంది, అక్కడ టీకి ఆగుతుంది. ఈ సంగతి మాకు ముందే తెలుసు. తెలిసీ చెయ్యగలిగింది లేదు, దారి అదొక్కటే. రావాల్సిన బస్సు వీధి చివర ఆగకుండా పోయింది. ఏసుపాదం ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. వృత్తిరీత్యా నాకు అలవాటైన శబ్దమే అయినా ఆరోజు కష్టంగా అనిపించింది. ఇంట్లో వాళ్లు పప్పు రెండోసారి వేడి చేశారు.

నగరిలో జరిగింది తర్వాత ఇద్దరూ చెప్పారు. కాస్త గాలికని దామోదరం బస్సు దిగాడు. బస్టాండులో శేఖర్ ఉన్నాడు, పక్క మగ్గం వాడు. యాదృచ్ఛికంగా కాదు. ప్రతి ఏడూ ఆ రోజు స్నేహితులు దామోదరం కోసం కాచుకుని ఉండేవారు. వాళ్లకూ అది పండగే. పనికి సెలవు పెట్టి మరీ వచ్చారు.

"ఒరే దామూ, తీసేసినావా? నీ కోసరమే కాసుకోని ఉండాం కదరా. రా, సల్లగా ఒకటి ఏసుకుందాం."

శేఖర్ చెడ్డవాడు కాదు. ఇది దామోదరం నాకు మూడు నాలుగు సార్లు చెప్పాడు. పిలిచిన పద్ధతిలో ప్రేమే ఉందట. కాళ్లు వాటి పాటికి అవి కదిలాయట.

ఏసుపాదం కిటికీలోంచి చూసి బ్రదర్, బ్రదర్ అని అరిచాడు. నగరి బస్టాండులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు, దామోదరం చూడలేదు. దామోదరం అని పేరుపెట్టి పిలిచాడు. వినిపించింది గానీ తనను కాదనిపించిందట. ఎవరో ఆఫీసువాళ్లు హాజరు పిలిచినట్టుందట. శేఖర్ భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తుంటే ఇద్దరూ రోడ్డు దాటబోతున్నారు. ఏసుపాదం దిగి, జనం మధ్య నిలబడి గట్టిగా పిలిచాడు.

"సామీ! యాడికి పోతాండావు సామీ?"

దామోదరం ఆగిపోయాడు. చెయ్యి మెడ మీదికి పోయిందట, మాల ఉందేమోనని. లేదు. వెనక్కి తిరిగాడు.

శేఖర్‌కు నవ్వొచ్చింది. మాల తీసినోడు ఇంకేం సామి, ఇంతకూ నువ్వెవరప్పా అన్నాడు, సిలువ వైపు చూస్తూ.

"మా ఇంట్లో అంతే అబ్బా," అన్నాడు ఏసుపాదం. "తాగనోడు సామే. నువ్వు గూడా రా, నిన్నూ అట్నే పిలుస్తాం."

శేఖర్ రాలేదు. అయితే దామోదరం భుజం మీది నుంచి చెయ్యి తీశాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయింది, సంచీతో, ప్రసాదంతో, సీటు మీద వదిలేసిన ఏసుపాదం ఫోన్‌తో సహా.

వాళ్లు షేర్ ఆటోలో వచ్చారు. మిద్దె ముందు ఆటో ఆగినప్పుడు నేను లేచి నిలబడ్డాను. రోగి వచ్చినప్పుడు లేవాలని మా నిబంధనల్లో ఎక్కడా లేదు. పద్ధతి ప్రకారం దగ్గరికి పోయి వాసన చూశాను. విబూది, అరటిపండు, చెమట. ఇంకేమీ లేదు. అంత బాగున్న వాసన నా సర్వీసులో మరొకటి గుర్తు లేదు. ఏం జరిగిందని అడిగితే ముందు అన్నం పెట్టమన్నారు. తిన్నాక ఏసుపాదం నన్ను పక్కకు పిలిచి, నోరు జారింది సార్, ప్రభువుకు చెప్పుకున్నాను, ఆయన సర్దుకుంటాడు అన్నాడు. మళ్లీ పిలుస్తావా అని అడిగాను. చూద్దాం అన్నాడు.

రాజీ వాళ్లే కుదుర్చుకున్నారు. వారం తిరిగేసరికి మిద్దెలో దామోదరం బ్రదర్‌సామి అయ్యాడు. కొద్దిరోజుల్లో అందరూ బ్రదర్‌సాములయ్యారు. బ్రదర్‌సామీ ఉప్పు తగ్గింది, బ్రదర్‌సామీ బాత్రూమ్‌లో ఎంతసేపు, ఇలా. వేదాంతపరంగా దీన్ని సమర్థించడం కష్టం. ఏ మతంవాళ్లూ అభ్యంతరం చెప్పలేదు కూడా.

తర్వాతి సంగతులు నెమ్మదిగా జరిగాయి. ఇలాంటివి నెమ్మదిగానే జరుగుతాయి. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో దామోదరానికి ప్యాకింగ్ పని దొరికింది. కంపెనీ బస్సు పుత్తూరుకే వచ్చేది. కార్తీకం వచ్చింది. కస్తూరి నాకు ఫోన్ చేసింది, ఆయన ఈ ఏడు మాల వద్దంటున్నాడని. గొంతులో భయం ఉంది. నాకూ లేకపోలేదు. అయ్యప్ప మాలల కాలం ఆయన మామూలు చొక్కా, ప్యాంటుతో గడిపాడు. తాగలేదు. సంక్రాంతి తర్వాత ఆమె మిద్దెకు వచ్చి, దాదాపు తప్పు పడుతున్నట్టు చెప్పింది.

"మాల లేకుండా ఇట్టుండే మనిషిని నేను సూడనే లేదు సార్. ఏం మాట్లాడాల్నో తెలీదు. ఈన్ని ఏమని పిల్సాల్నో గూడా తెలీదు."

మీ ఇష్టం అన్నాను. ఆమె పేరు పెట్టి పిలవదు, సామి అంటే నవ్వొస్తుందట. చివరికి ఏమండీ దగ్గరే ఉండిపోయింది. దానితో ఇబ్బంది రాలేదు.

అందరికీ ఇలా జరగలేదు. ఆ మిద్దెలోంచి సంచీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయినవాళ్లున్నారు. రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్లున్నారు. తిరిగి రావడానికి ఇల్లుండటమే వాళ్ల విషయంలో మేము చేసిన పని. శేఖర్ ఇప్పటికీ తాగుతున్నాడు. దామోదరం గురించి మాత్రం కొత్తవాళ్లకు గొప్పగా చెబుతాడట.

మరుసటి ఏడు దామోదరం నగరికి తిరిగి పోయాడు, మగ్గాలకు మాత్రం పోలేదు. ఆడికృత్తికకు మళ్లీ మాల వేసుకుంటానని ఆరుముగం దగ్గరికి పోతే, ఇప్పుడు వేస్తాను, ఇప్పుడు నీకు మొక్కే అన్నాడట ఆయన. అప్పటి నుంచి ఏటా కావడి మోస్తాడు, మాల తీస్తాడు, మర్నాడు పుత్తూరు మిద్దెకు వస్తాడు. ఆ రోజు అక్కడ భోజనాలు. పాతవాళ్లు భార్యాపిల్లలతో వస్తారు. ఏసుపాదం ప్రార్థన చేస్తాడు, నిడివి ఏటా పెరుగుతోంది. నేను రిటైరైన తర్వాత కూడా పిలుస్తున్నారు, పోతున్నాను. పోయిన ఏడు వడ్డన దామోదరందే. వార్డు నుంచి అంతకు రెండు రోజుల ముందే వచ్చిన ఒకాయన గోడకానుకుని కూర్చున్నాడు, చేతులు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. గ్లాసు ఒలుకుతుందని నీళ్లు ముట్టడం లేదు. దామోదరం గ్లాసు సగం మాత్రమే నింపి ఆయన ముందు పెట్టి, పక్క ఆకుకు పోయాడు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. మానడానికి మనిషికి కారణం దొరకడం కష్టం కాదు. మా ప్రాంతంలో పంచాంగమే ఏటా రెండు మూడు ఇస్తుంది. కష్టం ఆ కారణం ముగిసిన మర్నాటిది. ఆ మర్నాటికి ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక పిలుపు సిద్ధంగా ఉండాలి. మా దగ్గరున్న మాత్రలు అప్పటికి అయిపోతాయి. సర్వీసులో మిగిలిన కాలమంతా హిస్టరీ తీసుకునేటప్పుడు నేను ఒక ప్రశ్న అదనంగా అడిగాను, నా కింద శిక్షణకు వచ్చిన వాళ్ల చేత అడిగించాను. ఇంటికి పోతే నిన్ను ఎవరు ఏమని పిలుస్తారు? చాలామంది వెంటనే జవాబు చెప్పేవారు. ఒరే అని చెప్పిన వాళ్లనూ, ఏమీ చెప్పలేని వాళ్లనూ పుత్తూరు పంపేవాళ్లం.